చదరంగపు పావులు – శిల్పుల పనితనము

చదరంగ మాడుటకు ధనముతో పనిలేదు. అరుగు మీద బొగ్గుతో 64 గళ్ళు గీచి, చింతపిక్కలను బంటులుగను, గులకరాళ్ళను ఏనుగులుగను అమర్చుకొని పూటంతయు ఆడవచ్చును. ఏ పావు ఏదో ఇరువురికిని తెలిసియుండిన చాలును. అయినను ఈ 32 పావులను తీర్చుటలో దేశదేశముల శిల్పులు చూపిన శ్రద్ధ ఆశ్చర్యము గొలుపును. ఇందుకు కారణము లేకపోలేదు. పాచికలు, గవ్వలు వట్టి గుర్తులు. చదరంగమన్ననో ఒక చిన్న రాజ్యము. అందు రాజు కలడు, మంత్రి కలడు, చతురంగబలము కలదు. కావున శిల్పి తానెరిగిన రాజును, తన కాలపు సేనను బల్లపై నిలుపుటకు ముచ్చటపడును.

స్కాట్లండునకు పడమట సముద్రమునందు లూయిస్ అను ద్వీపమున్నది. 1831వ సంవత్సరమున అచట తీరము చెంత ఒక పాత నిక్షేపము బయల్పడెను. దానిలో దొరికిన 93 వస్తువులలో 78 చదరంగపు పావులు. ఇవి 12వ శతాబ్దమునాటివి. పెక్కింటిని వాల్రస్ అను సముద్రజంతువు దంతముతో చెక్కిరి. నార్వే దేశమున తయారై యుండునని పలువురి అభిప్రాయము. ఐరోపాలో మంత్రికి బదులు రాణి యుండును. ఈ రాణులు చెంపకు చేయి చేర్చుకొని ఏదో దిగులుతో కూర్చున్నట్లుందురు. మనము ఏనుగు నుంచు మూలగడిలో అచట కావలిభటుడు నిలుచును. అట్టివారిలో కొందరు యుద్ధావేశముతో తమ డాలు అంచును పండ్లతో కరచి పట్టుకొనియుందురు. చూచినవారికి నవ్వు వచ్చును గాని, చెక్కినవాడు నవ్వించుటకే చెక్కెనో లేదో చెప్పజాలము. 82 వస్తువులు లండనులోని బ్రిటిష్ మ్యూజియమునందును, 11 ఎడింబరోనందును ఉన్నవి. ఆ జట్టులకు చెందినదే మరియొక భటుని బొమ్మను ఒక పాతవస్తువుల వర్తకుడు 1964లో 5 పౌనులకు కొని ఇంట ఉంచుకొనెను. 2019లో అది వేలమున 7,35,000 పౌనులకు అమ్ముడుపోయెను.

మన దేశపు పావుల సొగసు వేరు. బెంగాలునందలి ముర్షిదాబాదు, బరంపురము (మనకు పరిచితమైన గంజాము బరంపురము కాదు) దంతపు పనికి పేరుపొందినవి. 18వ శతాబ్దాంతమునను, 19వ శతాబ్దారంభమునను అచటి శిల్పులు ఒక ప్రక్క ఈస్టిండియా కంపెనీ సేనను, మరియొక ప్రక్క దేశీయ ప్రభువు సేనను చెక్కిరి. రాజు అంబారీలో కూర్చుండును. బంటులు తుపాకులు ధరించిన సిపాయిలు. ఇట్టి పావులను కంపెనీ ఉద్యోగులు జ్ఞాపకార్థము తమ దేశమునకు కొనిపోయెడివారు. చదరంగపు బల్లపైనైనను ఆ రెండు పక్షములకు సమాన బలము లభించినది!

ఈ విషయమున మన విశాఖపట్టణము కూడ తీసిపోలేదు. 18వ శతాబ్దమునుండి అచటి పనివారు కొయ్యపై దంతపు రేకులను తాపి, వానిపై సన్నని లతలు గీచి, ఆ గీతలలో నల్లని లక్క నింపెడివారు. పెట్టెలతోపాటు దంతము, కొమ్ము గళ్ళుగా పొదిగిన చదరంగపు బల్లలు కూడ వారి చేత తయారైనవి.

అయితే ఈ అందమునకు చెల్లించిన మూల్యము చిన్నది కాదు. చేతిలో పట్టునంత ఏనుగు బొమ్మ కొరకు అడవిలోని ఏనుగును బలిపెట్టుట జరిగినది. 1972లో వన్యప్రాణి సంరక్షణ శాసనము వచ్చినది. 1986 సవరణతో స్వదేశీ దంతపు వ్యాపారమును, 1991 సవరణతో ఆఫ్రికా దంతపు వ్యాపారమును నిషిద్ధమయినవి. తరతరములుగా ఉలి పట్టిన కుటుంబములకు ఇది పిడుగుపాటు వంటిది. కొందరు ఆ పని విడిచిరి. కొందరు కొయ్యకును, ఒంటె ఎముకకును మారిరి. నిషేధము న్యాయమే, కాని చేతిలోని విద్య ఒక్కనాడు పనికిరానిదైన వాని కష్టమును తక్కువగా ఎంచరాదు.

పాత దంతపు పావులను అమ్మజూపువారు తారసపడినచో పాఠకులు జాగ్రత్త వహింపవలెను. అట్టి క్రయవిక్రయములు నేరము. ఎముకపై పరికించి చూచిన సన్నని నల్లని చుక్కలు, రంధ్రములు కనిపించును. దంతమును అడ్డముగా కోసిన చోట ఒకదానినొకటి ఖండించు వంపుగీతలుండును.

అలంకారము మితిమీరినచో ఆటకు అడ్డు వచ్చును. శకటు ఏదో, మంత్రి ఏదో తెలియక పొరబడుట కలదు. ఈ చిక్కును తీర్చుటకే 1849లో లండనునందు ఒక నిరాడంబరమైన నమూనా వెలువడినది. హోవర్డ్ స్టాంటన్ అను ప్రసిద్ధ క్రీడాకారుని పేర దానిని స్టాంటన్ నమూనా అందురు. నేటికిని అంతర్జాతీయ పోటీలలో ఇదియే వాడుక. అందు రాజు ఎత్తు సుమారు 9.5 సెంటీమీటర్లు. 2019లోను, 2024లోను ప్రపంచ మహిళా రాపిడ్ విజేతగా నిలిచిన మన కోనేరు హంపి చేయి ఎరిగినవి ఈ పావులే.

ఇట్టి కొయ్య పావులు నేడు అమృతసరమునుండి విదేశములకు విరివిగా ఎగుమతి యగుచున్నవి. రాజు మొదలు బంటు వరకు చాలవరకు తరిమెన పట్టి తీయవచ్చును. గుర్రము మాత్రము అట్లు లొంగదు. దాని మెడ వంపు, జూలు, ముక్కుపుటములు ఉలితోనే తీర్చవలెను. ఒక జట్టునందు గుర్రములు నాలుగే యైనను వానికే ఎక్కువ శ్రమ పట్టును. అందుచేతనే కొనదలచినవారు ముందుగా గుర్రమును చేతికి తీసుకొని చూచి, ఆ పిమ్మట వెల అడుగుదురు.