పుట్టినరోజు పందిట్లో పులినెక్కిన రుషి

పరకాల: పిల్లల పుట్టినరోజు పట్నాల వేడుకగా ఉన్న రోజులు పోయినవి. ఫ్లెక్సీ, కేకు, బుడగల తోరణం లేనిదే పుట్టినరోజు కాదన్న అభిప్రాయం పల్లెల్లో కూడా బలపడింది. దానికి ఇప్పుడు 'థీము' ఒకటి తోడయింది. మంత్రాల కోట, రెక్కల గుర్రం, జలకన్య బొమ్మలు అద్దెకు తెచ్చి ఇంటిని కథల పుస్తకంలా అలంకరిస్తున్నారు. అంతా రెండు గంటల ముచ్చట. చీకటి పడేసరికి బొమ్మలు బండెక్కి వెళ్ళిపోతవి. బాకీ మాత్రం పత్తి అమ్మేదాకా ఇంట్లోనే ఉంటుంది.

శ్రావణ, భాద్రపదాల్లో పుట్టిన పిల్లల తల్లిదండ్రులకు ఈ చిక్కు మరీ ఎక్కువ. అప్పటికి చేతిలోని డబ్బు విత్తనాలకు, ఎరువులకు పోయి ఉంటుంది. పత్తి ఏరేది దసరా రోజుల్లో గాని కాదు. పాత తరానికి ఈ బాధ లేదు. వారిలో చాలామందికి పుట్టినతేదీ అంటే బడిలో చేర్చుకున్న పంతులు వేసిన జూన్ నెల తేదీయే!

మాయల కథే కావాలంటే అద్దె కోటలు అక్కరలేదు. పుట్టినరోజు కోసమే పుట్టిందా అనిపించే కథ ఈ ప్రాంతంలో తరతరాలుగా నడుస్తున్నది. అదే మార్కండేయుని కథ. పదహారేళ్ళే ఆయువున్న పిల్లవాడు, ఆ ఏడు నిండేనాడు దున్నపోతు మీద వచ్చిన యముడు, శివలింగాన్ని కౌగిలించుకున్న పిల్లవానిపై పడిన పాశం, లింగం చీల్చుకుని వచ్చిన శివుడు. ఇంతకు మించిన మాయ ఏ పుస్తకంలో ఉన్నది? జన్మదినాన మార్కండేయుని తలచి నువ్వులు, బెల్లం కలిపిన పాలు తాగడం పాత ఆచారమే.

పద్మశాలీలకు ఈ పురాణాన్ని కూనపులివారు పటం కట్టి చెబుతారు. వారి కథ యముడితో ఆగదు. మార్కండేయుని హోమం నుంచి భావనారుషి పుడతాడు. తామరతూడు దారంతో బట్ట నేసి దేవతలకు ఇస్తాడు. ఆయన వాహనం పులి. పులినెక్కి తిరిగే నేతగాడిని చూస్తే ఏ పిల్లవాడు కళ్ళు తిప్పుకుంటాడు!

ఆ పటాలు రాసే నకాషీలు చేర్యాలవారు. చేర్యాల ఒకప్పుడు వరంగల్ జిల్లాలోనిదే. 2016 నుంచి సిద్దిపేట జిల్లాలో ఉన్నది. పరకాల కూడా 2021లో హనుమకొండ జిల్లాలోకి వచ్చింది. జిల్లాల హద్దులు మారినా ఎర్రని నేల మీద బొమ్మలు తీర్చే ఆ పటం తీరు మారలేదు. గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు పట్టించి ఆరబెట్టి బొమ్మలు రాస్తారు. కథకుడు చుట్టను కొంచెం కొంచెంగా విప్పుతూ, పుల్లతో చూపుతూ కథ నడుపుతాడు.

ఇంట్లో చేయడానికి అంత పనితనం అవసరం లేదు. పాత తెల్లధోవతి ముక్క, జాజు, పసుపు, బొగ్గు ఉంటే చాలు. వారం ముందు నుంచి పిల్లలనే కూర్చోబెట్టి ఆరేడు బొమ్మలు వేయించాలి. పెద్దలు దిద్దకూడదు, వంకర పులి వంకరగానే ఉండాలి. మొగాలకు చింతగింజలు నానబెట్టి, పొట్టు తీసి, రుబ్బి, ఉడికించిన జిగురులో రంపపుపొట్టు కలిపి వాడతారు నకాషీలు. పొట్టు దొరకకుంటే పాత పేపరు ముక్కలు నానబెట్టి పిసికినా పని జరుగుతుంది. ఆరడానికి రెండు మూడు రోజులు పడుతుంది గనుక ముసురు రోజుల్లో ఇంకా ముందే మొదలుపెట్టుకోవాలి.

వేషాలు పంచే దగ్గర గొడవ తప్పదు. మార్కండేయుడి వేషం పుట్టినరోజు పిల్లకో పిల్లవాడికో ఇవ్వవలసిందే గాని, అందరూ కోరేది యముడినే. ఇద్దరు యములున్నా నష్టం లేదు. పాశానికి మాత్రం తాడు వాడరాదు. పట్టగానే తెగే కాగితపు గొలుసు చాలు. మరీ చిన్నపిల్లలు జడుసుకుంటే పులి ఘట్టం ముందు జరిపించవచ్చు.

కానుకల సంగతి ముందే తేల్చాలి. రంగుకాగితం చుట్టిన పెట్టె తేలేక బిడ్డను వేడుకకు పంపని కూలి తల్లులున్నారు. ఎవరూ ఏమీ తేవద్దని, ఇంట్లో పనికిరాని గుడ్డపేలిక ఒక్కటి తెస్తే చాలని పిలిచేటప్పుడే చెబితే ఆ తల్లికి భారం ఉండదు. ఆ పేలికలన్నీ ముడివేసి భావనారుషి నేసిన బట్టగా పందిరికి కట్టవచ్చు.

వచ్చే పిల్లలు అన్ని ఇళ్ళవారూ ఉంటారు. గౌడులకు గౌడజెట్టీలు, రజకులకు మడేలు పురాణం చెప్పేవారు, మాదిగలకు జాంబపురాణం చెప్పే డక్కలివారు ఉన్నారు. ఒకరి కథ ఇంకొకరి పిల్లలు విన్నది తక్కువ. ఈ ఏడు ఒక ఇంటి కథ, వచ్చే ఏడు పక్కింటి కథ పెట్టుకుంటే ఆ వినికిడి కూడా కలుగుతుంది.

కూనపులివారినే పిలిపించగలిగితే సరే సరి. పిలుపులు తగ్గి, కొడుకులు వేరే పనులు చూసుకుంటున్న కాలంలో ఒక పూట కథ కూడా వారికి చిన్నది కాదు. అయితే పురాణమంతా చెప్పాలంటే రాత్రులు పడుతుంది. ఏ రెండు ఘట్టాలు కావాలో, ఎంత ఇచ్చుకోగలరో ముందే మాట్లాడుకోవడం మంచిది. తిండి కథ అయ్యాకనే పెట్టాలి; ముందు పెడితే శ్రోతలు నిలవరు. నువ్వుల పాలు గిట్టని పిల్లలకు ఉత్త బెల్లంపాలిచ్చినా మార్కండేయుడు ఏమీ అనుకోడు.