కారంలో కల్తీ రంగు.. పట్టించేది బంగారం! ఎలాగంటే?

ఎర్రకారం దోశ అంటే కర్నూలు, కడప వాళ్లకు ప్రాణం. మరి ఆ ఎరుపు మిర్చిదేనా? లేక ఎవరైనా రంగు కలిపారా? కంటికి తెలియదు. కానీ కంటికి కనిపించనంత చిన్న బంగారు రేణువులు, లేజర్ కాంతి కలిస్తే గుట్టు రట్టవుతుంది.

బంగారం ఎర్రగా మారుతుంది!

కర్నూలు జిల్లా జొన్నగిరి గనిలో తీసినా, షాపులో కొన్నా బంగారం పసుపే. దాన్నే 20 నానోమీటర్ల రేణువులుగా చేసి నీళ్లలో కలిపితే మాత్రం నీళ్లు ఎర్రగా మారతాయి. ఎందుకంటే కాంతి పడగానే రేణువులోని ఎలక్ట్రాన్లన్నీ ఉయ్యాలలా ఒకేసారి ఊగుతాయి. ఆ ఊపుకు సరిపోయే ఆకుపచ్చ కాంతిని మింగేస్తాయి. మనకు ఎరుపు కనిపిస్తుంది. ఈ ఊపునే ప్లాస్మాన్ అంటారు. కోవిడ్ ర్యాపిడ్ కిట్లలో చాలావాటిలో కనిపించిన ఎర్ర గీత ఈ బంగారు రేణువులదే.

పక్కన రంగు చేరితే?

డై అణువు కూడా కాంతిని మింగి, తిరిగి మెరుస్తుంది. ఇక్కడ దూరమే కీలకం. లోహానికి కొన్ని నానోమీటర్ల ఎడంలో ఉంటే ఆ మెరుపు పెరగొచ్చు. మరీ అంటుకుంటే శక్తి లోహంలోకి పోయి మెరుపు ఆరిపోతుంది. రెండూ ఒకే రంగు కాంతికి స్పందిస్తూ బలంగా జతపడితే, రెండింటి లక్షణాలూ ఉన్న కొత్త స్థితి పుడుతుంది. దాని పేరు ప్లెక్సిటాన్.

కల్తీ ఎలా దొరుకుతుంది?

1928లో సర్ సీవీ రామన్ కనిపెట్టినట్టు, అణువును తాకి చెదిరే కాంతిలో కొంత రంగు మారుతుంది. ఆ మార్పు ప్రతి అణువుకూ వేలిముద్ర లాంటిది. కాకపోతే చాలా బలహీనం. పైగా డై మెరుపులో మునిగిపోతుంది. బంగారం, వెండి రేణువులకు డై అంటుకుంటే ఒకేసారి రెండు లాభాలు. అడ్డొచ్చే మెరుపు ఆరిపోతుంది, వేలిముద్ర సిగ్నల్ లక్షల రెట్లు పెరుగుతుంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పరిశోధకులు ఇదే పద్ధతిలో పేలుడు పదార్థాలు, డైల ఆనవాళ్లను పట్టుకున్నారు.

కారంలో కలిపే రోడమైన్-బి కూడా ఇలాంటి డైనే. ఈ రంగు బయటపడటంతోనే 2024 ఫిబ్రవరిలో తమిళనాడు పీచుమిఠాయిని నిషేధించింది.

ఇంట్లో ఏం చేయాలి?

గ్లాసు నీళ్లపై కొంచెం కారం చల్లండి. రంగు చారలుగా కిందికి దిగితే అనుమానించాల్సిందే. అది ఏ రంగో తేల్చేది మాత్రం ల్యాబే!