ఒక ఉత్తరం పుస్తకమైన వైనం
పిల్లల కోసం రాసేవారికి, బొమ్మలు గీసేవారికి కొన్ని పాఠాలు

పిల్లల కోసం రాయడం చాలా సులభమన్న అభిప్రాయం మన సమాజంలో బలంగా నాటుకొని ఉంది. ఒక అడవి, నాలుగు జంతువులు, చివర ఒక నీతి ఉంటే కథ సిద్ధమైనట్టేనని చాలామంది భావిస్తారు. ఈ భావన వల్ల నష్టపోయేది పిల్లలే. బిడ్డ రెండు పేజీలు తిప్పి పుస్తకాన్ని పక్కన పడేస్తే, వాడికి చదువు మీద ఆసక్తి లేదని తల్లిదండ్రులు దిగులుపడతారు. లోపం బిడ్డలో కాక పుస్తకంలోనే ఉండవచ్చునన్న ఆలోచన రాదు. పిల్లల పుస్తకం రాయడం, దానికి బొమ్మలు గీయడం శ్రద్ధగా అభ్యసించవలసిన విద్యలు. ఆ విద్యలోని ముఖ్యమైన మెట్లను బీట్రిక్స్ పాటర్ అనే ఆంగ్ల రచయిత్రి తొలి పుస్తకం చరిత్రలో స్పష్టంగా చూడవచ్చు.

ఒకే ఒక్క బాలుడి కోసం

1893 సెప్టెంబరులో, 27 ఏళ్ల పాటర్ జబ్బుపడి మంచంలో ఉన్న నోయెల్ అనే అయిదేళ్ల బాలుడికి ఒక ఉత్తరం రాశారు. నోయెల్ తల్లి ఒకప్పుడు పాటర్‌కు చదువు చెప్పిన ఉపాధ్యాయిని. ఆ ఉత్తరంలో నాలుగు కుందేలు పిల్లల కథ ఉంది, పక్కనే చిన్న చిన్న గీతల బొమ్మలున్నాయి. కుందేళ్లు ఆమెకు కొత్త కావు. వాటిని ఇంట్లో పెంచారు, అవి కూర్చునే తీరును, చెవులు కదిపే తీరును ఏళ్ల తరబడి గమనించి గీశారు.

ఇందులో రచయితకూ చిత్రకారుడికీ తొలి పాఠం ఉంది. 'పిల్లలందరి' కోసం రాయబోతే ఎవరికీ చెందని కథ తయారవుతుంది. ఎదురుగా ఒక్క బిడ్డను ఊహించుకొని రాస్తే మాట తీరు దానంతటదే కుదురుకుంటుంది. అలాగే, దగ్గరగా చూసి ఎరిగినదాన్ని గీస్తేనే బొమ్మకు ప్రాణం వస్తుంది. ఎన్నడూ చూడని మంచు కొండల కంటే మన ఇంటి పెరడు, నేతమగ్గం, సంత, నానమ్మ వంటగది, రంజాన్ నెలలో సహరీ వేళ ఇంట్లో వినిపించే చిన్న చప్పుళ్లు మంచి కథలకు పునాది కాగలవు. తన ఇల్లు, తన వాళ్ల పిలుపులు తెలుగు పుస్తకంలో కనిపించిన బిడ్డకు ఆ భాష మరింత తనదవుతుంది.

తిరగరాయడం అసలు పని

ఆ కథ ఏడేళ్లపాటు ఉత్తరంగానే ఉండిపోయింది. పుస్తకం చేయాలన్న ఆలోచన వచ్చాక పాటర్ 1900లో ఆ ఉత్తరాన్ని నోయెల్ దగ్గర అడిగి తీసుకున్నారు. ఆ పిల్లవాడు దాన్ని జాగ్రత్తగా దాచుకున్నాడు. ఆమె కథను పెంచి, కొత్త సన్నివేశాలు చేర్చి, మరిన్ని బొమ్మలు గీశారు. ప్రచురణకర్తలు ఒకరి తరువాత ఒకరు తిరస్కరించారు. పెద్ద పుస్తకం కావాలని అడిగినవారూ ఉన్నారు. చిన్న చేతుల్లో ఇమిడే చిన్న పుస్తకం, తక్కువ ధరకు అందాలన్నది ఆమె పట్టుదల. చివరకు 1901 డిసెంబరులో సొంత ఖర్చుతో 250 ప్రతులు అచ్చువేయించుకున్నారు. అవి త్వరలోనే అయిపోయాయి.

1902 అక్టోబరులో ఫ్రెడరిక్ వార్న్ సంస్థ 'పీటర్ రాబిట్ కథ'ను ప్రచురించింది. అప్పుడు కూడా మార్పులు తప్పలేదు. నలుపు తెలుపు బొమ్మల స్థానంలో రంగుల బొమ్మలు వచ్చాయి, వాటి సంఖ్య తగ్గింది. పుస్తకం పరిమాణం విషయంలో వెనక్కి తగ్గని పాటర్ బొమ్మల విషయంలో మళ్లీ కూర్చొని పనిచేశారు. ఏది వదలకూడదో, ఏది మార్చుకోవచ్చో తెలియడమే ఈ వృత్తిలో పరిణతి.

మాటకు ఒక పని, బొమ్మకు ఒక పని

బొమ్మల పుస్తకానికి సాధారణంగా 32 పేజీలుంటాయి. పెద్ద కాగితాన్ని అచ్చువేసి మడిచినప్పుడు 8, 16 పేజీల చొప్పున వస్తాయి కనుక ఈ లెక్క ఏర్పడింది. పేరు, ప్రచురణ వివరాల పేజీలు పోగా కథకు మిగిలేవి సుమారు 13 జంట పేజీలు మాత్రమే. అందుకే అనుభవజ్ఞులు ముందుగా నమూనా పుస్తకం తయారుచేసుకుంటారు. ఎనిమిది కాగితాలను సగానికి మడిచి ఒకదానిలో ఒకటి దూర్చితే 32 పేజీలవుతాయి. ఏ పేజీలో ఏ మాట, ఎక్కడ ఏ బొమ్మ, ఎక్కడ పేజీ తిప్పాలన్న ఆత్రుత కలగాలి అన్నవి అందులో తేలిపోతాయి.

మాట చెప్పినదాన్నే బొమ్మ మళ్లీ చెప్పనక్కరలేదు. "కరీం తన కోడిపిల్ల కోసం ఇల్లంతా వెతికాడు" అని వాక్యం ఉందనుకోండి. బొమ్మలో ఆ కోడిపిల్ల కరీం టోపీలోనే కూర్చొని ఉంటే, చదివే బిడ్డకు కరీంకన్నా ముందే నిజం తెలుస్తుంది. ఆ నవ్వు ఏ వాక్యంలోనూ లేదు. మాటకూ బొమ్మకూ మధ్య ఉంది.

తెలుగులో రాసేవారు మరొకటి గుర్తుంచుకోవాలి. అప్పుడే చదవడం నేర్చుకుంటున్న బిడ్డకు సంయుక్తాక్షరాలు మెండుగా ఉన్న వాక్యం ఎత్తయిన గడప వంటిది. రాసినదాన్ని పైకి చదవండి. మీ నాలుక తడబడిన చోట బిడ్డ ఆగిపోతాడు. చిత్రకారులు తమ పాత్రను ముందు నుంచి, పక్క నుంచి, వెనుక నుంచి గీసి దగ్గర పెట్టుకోవాలి. మొదటి పేజీలోని పాపను చివరి పేజీలోనూ బిడ్డ గుర్తుపట్టాలి. రెండు పేజీలు కలిసే మడతలో ముఖం పడకుండా చూసుకోవడమూ అవసరం.

హక్కుల ఎరుక

పీటర్ రాబిట్‌కు అమెరికాలో కాపీరైటు నమోదు కాలేదు. ఫలితంగా అక్కడ అనుమతి లేని ముద్రణలు వెలువడ్డాయి, వాటి నుంచి రచయిత్రికి ప్రతిఫలం అందలేదు. ఈ పాఠం మనకూ వర్తిస్తుంది. భారత కాపీరైటు చట్టం 1957 ప్రకారం రచయిత జీవితకాలం, ఆపై 60 ఏళ్లు హక్కు ఉంటుంది. హక్కు బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో జరగాలి. గడువు రాయకపోతే అయిదేళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకుగా పరిగణిస్తారు. ఉద్యోగంలో భాగంగా చేసిన పనికి నియమాలు వేరు. ఒప్పందాన్ని పూర్తిగా చదవకుండా సంతకం చేయకండి.

తెలుగులో దారులు

మనకు మంచి వారసత్వమే ఉంది. 1945లో న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతుల 'బాల', 1947 జూలైలో 'చందమామ' మొదలయ్యాయి. భుజాన శవంతో నడిచే విక్రమార్కుడి బొమ్మ గీసిన శంకర్ దాదాపు ఆరు దశాబ్దాలు 'చందమామ'కు చిత్రాలు గీశారు. నేడు సికింద్రాబాదులోని 'మంచి పుస్తకం' పిల్లల పుస్తకాలు వెలువరిస్తోంది. ప్రథమ్ బుక్స్ 2015లో ప్రారంభించిన 'స్టోరీవీవర్'లో తెలుగు కథలు ఉచితంగా చదవవచ్చు, కొత్తవారు అనువాదాలతో చేయి తిప్పుకోవచ్చు. అక్కడ పెట్టిన రచనను పేరు పేర్కొని ఇతరులూ వాడుకోవచ్చు కనుక, ఆ షరతు తెలుసుకొని పాల్గొనాలి. 2010 నుంచి సాహిత్య అకాడమీ బాల సాహిత్య పురస్కారం తెలుగుకూ లభిస్తోంది.

అయితే ఏ పురస్కారానికైనా ముందు ఒక పరీక్ష ఉంది. రాసిన కథను అయిదారుగురు పిల్లలకు చదివి వినిపించండి. బాగుందా అని అడగవద్దు, పెద్దల మనసు నొప్పించకూడదని బాగుందనే అంటారు. ఏ పేజీ దగ్గర వారి చూపు కిటికీ వైపు మళ్లిందో గమనించి, ఇంటికి వచ్చి ఆ పేజీని తిరగరాయండి.