మీకు తెలుసా? బాలానగర్‌లో ‘డై’ అంటే చావు కాదు
ఇంగ్లిష్‌లో ‘డై’ అంటే చనిపోవడమని బడిలో నేర్చుకుంటాం. హైదరాబాద్‌లోని బాలానగర్ పారిశ్రామికవాడలో మాత్రం అది ఎందరికో బతుకుతెరువు. ప్రెస్‌లో పంచ్ దిగినప్పుడు రేకుకు ఆకారమిచ్చే గట్టి ఉక్కు అచ్చు డై. కడ్డీకి మరలు కోసేదీ డైయే. 1968లో ఏర్పడిన ఇక్కడి సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ (సీఐటీడీ) టూల్, డై అండ్ మౌల్డ్ మేకింగ్‌లో డిప్లొమా చేయిస్తుంది. పదో తరగతి పాసైన పిల్లలకు ఎంతో విలువైన చదువిది.

స్పెల్లింగ్ ఒకటే అయినా ఈ మాటలకు చుట్టరికం లేదు: చావు మాట పాత నార్స్ భాషది, అచ్చు మాట పాత ఫ్రెంచిది. పాచిక కూడా డైయే. బహువచనంలో పాచికలు ‘డైస్’, అచ్చులు ‘డైజ్’. ఇక హైటెక్ సిటీలో చిప్‌లు డిజైన్ చేసే ఇంజినీర్లకు డై అంటే వేఫర్ అనే పలుచని బిళ్ల నుంచి కోసిన సిలికాన్ ముక్క.