మూసిన రెక్క చూసి పేరు పెట్టొద్దు

వానాకాలంలో, అమావాస్య దగ్గరి రాత్రుల్లో, గాలి తగలని చోట తెల్లదుప్పటి కట్టి అతినీలలోహిత దీపం వెలిగిస్తే గంట తిరక్కుండానే రెక్కల పురుగులు వచ్చి వాలతాయి. ఫొటో తీయడం ఇప్పుడు ఏమంత కష్టం కాదు, చిక్కంతా ఆ తర్వాతే. మన దేశంలో సీతాకోకచిలుకలు 1,300 పైచిలుకు జాతులుంటే శలభాలు దాదాపు 10,000 ఉన్నాయి. ఇన్నింటిలో ఇది ఫలానా జాతి అని ఒక్క ఫొటోతో తేల్చడం చాలాసార్లు ఊహే అవుతుంది. రుజువు ఎక్కడిదాకా ఉందో అక్కడే ఆగి, ప్రజాతి (జీనస్) పేరుతో సరిపెట్టుకోవడం చేతకానితనమని కొందరికి అనిపిస్తుంది. నా లెక్కలో నమ్మదగిన గుర్తింపు అదే.

బత్తాయి రైతులకు తలనొప్పి తెచ్చే, పండ్ల రసం పీల్చే యూడోసిమా శలభాలనే తీసుకోండి. ముందు రెక్కలు మూసుకుని కూర్చుంటే అచ్చం ఎండుటాకు. గుర్తుపట్టే ఆధారం వాటి కింద దాగిన నారింజరంగు వెనక రెక్కల్లో ఉంటుంది: మెటర్నా జాతికి గుండ్రటి నల్లమచ్చ, ఫలోనియా జాతికి వంపు తిరిగిన మచ్చ. పైగా ఫలోనియాలో ఆడదాని ముందు రెక్క ఒకలా, మగదానిది ఇంకోలా ఉంటుంది. కాబట్టి పైనుంచి తీసిన అందమైన ఫొటో కన్నా, రెక్క కదిలిన క్షణంలో వెనక రెక్క సగమైనా కనిపించే ఫొటోకే విలువెక్కువ. పక్కనుంచి ఒకటి, స్కేలు పెట్టి ఒకటి తీస్తే ఇంకా మేలు. ఫ్లాష్ వెలుగును పల్చటి తెల్లకాగితంతో మెత్తబరచకపోతే పొలుసుల మెరుపులో అసలు రంగే పోతుంది. కొన్ని జాతులకు ఇంత చేసినా చాలదు. జననాంగాలను సూక్ష్మదర్శినిలో చూడాలి, లేదా డీఎన్‌ఏ పరీక్షించాలి. ఒక్కోసారి జవాబు శలభంలో కాక గొంగళిలో ఉంటుంది. 2018లో కర్ణాటక మొక్కజొన్న చేలల్లో బయటపడిన కత్తెర పురుగు, పొగాకు లద్దె పురుగు ఒకే ప్రజాతివి. కత్తెర పురుగులో మసకరంగు ఆడ శలభం ఫొటో పెద్దగా ఏమీ తేల్చదు. గొంగళి దశలో మాత్రం తలమీద తిరగేసిన వై అక్షరం, పొట్ట ఎనిమిదో ఖండం మీద చతురస్రంగా నాలుగు చుక్కలు కనిపిస్తాయి. రాత్రి దీపం చెప్పలేనిది పగలు ఆకు చెబుతుందన్నమాట.

ఫోన్ యాప్ క్షణంలో పేరు చెబుతోంది కదా అనవచ్చు. యాప్ తనకు చూపిన ఫొటోల్లో దగ్గరిదాన్ని ఎంచుతుంది. ఫొటోలు లేని జాతి దాని జవాబుల్లోకి రానే రాదు, తెలిసిన బంధువు పేరే వస్తుంది. ఆ పేరును ఎవరైనా సరిచూడకుండా ఖాయం చేస్తే ఆ తప్పే రేపటి యాప్‌కు పాఠం. దీపం శలభాలకు హాని కాదా అన్నది ఇంతకంటే బరువైన ప్రశ్న. ఎగిరే పురుగులు వెలుగు వైపు వీపు తిప్పుతాయనీ, అందుకే దీపం చుట్టూ చిక్కుబడతాయనీ 2024లో నేచర్ కమ్యూనికేషన్స్‌లో వచ్చిన అధ్యయనం చూపింది. రాత్రంతా వెలిగించడం అనవసరం. తెల్లవారకముందే దీపం ఆర్పి దుప్పటి దులపాలి, లేదంటే పసులపోలిగాళ్లకు విందే.

పురుగును పట్టి, చంపి, సూది గుచ్చితే తప్ప శాస్త్రం కాదనేవారి మాటలోనూ నిజముంది. 1892 నుంచి 1896 దాకా కీటక శాస్త్రవేత్త హ్యాంప్సన్ రాసిన భారత శలభాల నాలుగు సంపుటాలు అలాంటి నమూనాల మీదే నిలిచాయి. ఇప్పటికీ కొత్త జాతికి పేరు పెట్టాలంటే సాధారణంగా నమూనా కావాలి. అది పరిశోధకుల పని. సరదాగా ఫొటో తీసేవాళ్లు చంపక్కర్లేదు. ఊరు, తేదీ, వెనక రెక్క ఇస్తే ఏ నెలలో ఎక్కడ వెతకాలో పరిశోధకులకు తెలుస్తుంది.