చక్రవర్తికి బస ఇవ్వని ఊరు

1518 చివర్లో పవిత్ర రోమన్ చక్రవర్తి మాక్సిమిలియన్ పెద్ద పరివారంతో ఇన్స్‌బ్రుక్ చేరుకున్నాడు. ఆల్ప్స్ కొండల నడుమ ఉన్న ఆ ఊరంటే ఆయనకు ప్రాణం. అయితే ఆ రోజు పూటకూళ్ల ఇళ్లవాళ్లు ఆయన మనుషులకు తలుపులు తెరవలేదు. పాత బసల తాలూకు బాకీలు తీరిస్తేగానీ కొత్తగా చోటు ఇచ్చేది లేదని తేల్చి చెప్పారు. అప్పటికే జబ్బుపడి ఉన్న చక్రవర్తి ముందుకు సాగిపోయి, 1519 జనవరి 12న వెల్స్ పట్టణంలో కన్నుమూశాడు.

ఆస్ట్రియా పశ్చిమాన టిరోల్ రాష్ట్రానికి ఇన్స్‌బ్రుక్ రాజధాని. జనాభా సుమారు 1,30,000. ఉత్తరాన నోర్డ్‌కెట్టె పర్వతశ్రేణి ఊరిని ఆనుకుని గోడలా లేస్తుంది. దక్షిణాన బ్రెన్నర్ కనుమ ఇటలీకి దారి తీస్తుంది. జర్మన్ రాజ్యాల నుంచి వెనిస్ వైపు వెళ్లే సరుకులో చాలా భాగం శతాబ్దాల పాటు ఈ దారినే పోయింది. ఇన్ నది వంతెన దగ్గర 12వ శతాబ్దంలో మొదలైన సంత అలా నగరమైంది. వర్తకులు ఆగే చోట పూటకూళ్ల ఇళ్లు వెలిశాయి, వాటి యజమానులు ఊళ్లో పలుకుబడి గలవారయ్యారు. వాటిలో ఒకటైన ‘గోల్డెనర్ ఆడ్లర్’ 1390 నుంచీ ఉందని చెబుతారు. అది నేటికీ హోటలే.

పాత ఊరి నడిబొడ్డున అందరూ తలెత్తి చూసేది బంగారు కప్పు. చౌరస్తా వైపు ముందుకు పొడుచుకొచ్చిన ఓ చిన్న బాల్కనీ పైన, బంగారు పూత పట్టించిన 2,657 రాగి పెంకులు ఎండకు మెరుస్తాయి. 1500 ప్రాంతంలో దీన్ని కట్టించింది మాక్సిమిలియనే. కింద చౌరస్తాలో జరిగే పోటీలనూ వేడుకలనూ ఆయన పైనుంచి చూసేవాడు. గోడ మీది శిల్పాల్లో ఆయనతో పాటు ఇద్దరు భార్యలూ కనిపిస్తారు. ఈ వైభవానికి దన్నుగా నిలిచింది పొరుగున ఉన్న ష్వాత్స్ వెండి గనులు, ఆ గనులను చూపి తెచ్చిన అప్పులు.

ఆయన సమాధి కథ మరీ విచిత్రం. తన సమాధి చుట్టూ వరసగా నిలబడాలని మాక్సిమిలియన్ మొదలుపెట్టించిన నిలువెత్తు కంచు విగ్రహాలు 28 ఇన్స్‌బ్రుక్‌లోని హోఫ్‌కిర్షె చర్చిలో ఉన్నాయి. ఊరివాళ్లు వాటిని ‘నల్ల మనుషులు’ అంటారు. వారి మధ్య పాలరాతి సమాధి ఠీవిగా ఉంటుంది. లోపల మాత్రం ఖాళీ! చక్రవర్తిని పూడ్చింది వియన్నా దగ్గరి వీనర్ నోయ్‌స్టాట్‌లో.

అదే చర్చిలో నిజంగా సమాధి అయినవారిలో ఒకరు ఆండ్రియాస్ హోఫర్. ఆయన పస్సైర్ లోయలో పూటకూళ్ల ఇల్లు నడుపుకునేవాడు, పశువుల బేరగాడు. 1805లో నెపోలియన్ టిరోల్‌ను తన మిత్రరాజ్యం బవేరియాకు అప్పగించాడు. కొత్త పాలకులు క్రిస్మస్ అర్ధరాత్రి ప్రార్థనల వంటి ఆచారాలను నిషేధించారు. కుర్రాళ్లను బలవంతంగా సైన్యంలో చేర్చుకున్నారు. టిరోల్ రైతులకు ఇది మింగుడుపడలేదు. 1511లో మాక్సిమిలియన్ స్వయంగా ఇచ్చిన శాసనం ప్రకారం వారు తమ గడ్డను కాపాడటానికి తుపాకీ పట్టాలే తప్ప, పొలిమేర దాటి యుద్ధాలకు పోనక్కరలేదు. 1809లో హోఫర్ నాయకత్వాన రైతులు తిరగబడ్డారు. నగరం అంచున ఉన్న బెర్గిజెల్ గుట్ట మీద ఆగస్టు 13న పెద్ద సైన్యాన్నే తరిమికొట్టారు. ఆ తర్వాత కొన్ని వారాల పాటు ఓ పూటకూళ్ల ఇంటి యజమాని రాజభవనంలో కూర్చుని టిరోల్‌ను ఏలాడు. నవంబరులో అదే గుట్ట మీద ఓడిపోయాడు. 1810 ఫిబ్రవరి 20న మాంటువాలో ఫ్రెంచి సైనికులు ఆయనను కాల్చి చంపారు. 1823లో ఆయన అస్థికలు ఇన్స్‌బ్రుక్ చేరాయి. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత టిరోల్ రెండు ముక్కలైంది. హోఫర్ పుట్టిన లోయ ఇప్పుడు ఇటలీలో ఉంది.

ఈ చరిత్ర తెలిస్తేనే ఇక్కడి పండుగల ఊపు అర్థమవుతుంది. ఊరేగింపుల్లో ఈకల టోపీలు పెట్టుకుని, తుపాకులు భుజాన వేసుకుని నడిచే ‘షూట్సెన్’ దళాలు ఆ గ్రామరక్షణ సంప్రదాయానికి వారసులు. 1796లో ఫ్రెంచి సేనలు మీద పడబోతున్నప్పుడు టిరోల్ పెద్దలు ఏసు పవిత్ర హృదయానికి మొక్కుకున్నారు. ఆ మొక్కు ఇంకా తీరుతూనే ఉంది. ఏటా జూన్‌లో ఒక ఆదివారం కొండ శిఖరాల మీద, గట్ల వెంట మంటలు వెలిగిస్తారు. సామాన్లు మోసుకుని కొండెక్కేది చుట్టుపక్కల ఊళ్లవాళ్లే.

వేడుకల్లో అన్నిటికంటే చూడదగ్గది మాత్రం ‘ముల్లర్’ వేషాలు. జనవరి మొదటి వారం దాటాక, ఈస్టర్ ముందరి ఉపవాస దినాలు మొదలయ్యేదాకా వీటి సందడే సందడి. ఇన్స్‌బ్రుక్‌లోనూ దాన్ని ఆనుకునీ ఉన్న మ్యూలావు, ఆర్‌ట్స్ల్, రుమ్, తావుర్, అబ్సామ్ వీటికి పుట్టిళ్లు. చెక్కతో చెక్కిన ముఖాలు, కుచ్చుల అంగీలు, అద్దాలు పొదిగిన ఎత్తయిన కిరీటాలు వేసుకున్నవారు పూటకూళ్ల ఇళ్లలోకి వచ్చి ఆడతారు. కొందరు చలికాలం, కొందరు వసంతం. ఆట నడుమ చూసేవాళ్లలో ఒకరి భుజం మీద చరుస్తారు. అది అవమానం కాదు, గౌరవం. దెబ్బ తిన్నవారికి చిన్న గ్లాసుతో పళ్లసారా అందుతుంది. ఆస్ట్రియా తన అభౌతిక వారసత్వ జాబితాలో ఈ వేషాలకు చోటిచ్చింది. పర్యాటకుల కోసం మొదలైన ఆట కాదు కాబట్టే దీనిలో ఇంత జీవం ఉంది.

మంచు క్రీడలు ఈ ఊరి పేరును ప్రపంచానికి చాటాయి. 1964 శీతాకాల ఒలింపిక్స్ నాటికి తగినంత మంచు పడలేదు. సైనికులు కొండల మీది నుంచి మంచును తవ్వి పోటీల చోటికి మోసుకొచ్చారు. 1976 పోటీలు అమెరికాలోని డెన్వర్‌లో జరగాల్సినవి. అక్కడి ఓటర్లు ఖర్చుకు ఒప్పుకోకపోవడంతో మళ్లీ ఇన్స్‌బ్రుక్ ఆతిథ్యమిచ్చింది. ఆ ఏడాది పాచర్‌కోఫెల్ వాలు మీద పసుపు పచ్చ దుస్తుల్లో దూసుకొచ్చి బంగారు పతకం గెలిచిన ఫ్రాంట్స్ క్లామర్ పరుగును ఆస్ట్రియన్లు ఇప్పటికీ తలచుకుంటారు. హోఫర్ పోరాడిన బెర్గిజెల్ మీదే ఇప్పుడు జహా హదీద్ రూపొందించిన స్కీ జంప్ గోపురం నిలబడి ఉంది. 2026 ఒలింపిక్స్ కోసం పోటీ పడదామా అని 2017లో అడిగితే నగర ఓటర్లలో దాదాపు మూడింట రెండు వంతుల మంది వద్దన్నారు.

ఇక తిండి. రాజభోజనాలు మ్యూజియంలకు పరిమితమయ్యాయి, రైతుల వంటలు బల్లల మీద మిగిలాయి. ‘గ్రోస్ట్ల్’ అంటే నిన్న ఉడికించిన బంగాళాదుంపలు, మిగిలిన మాంసం, ఉల్లిపాయ కలిపి ఇనుప పెనంలో ఎర్రగా వేయించి, పైన ఒక గుడ్డు పగలగొట్టి వేసేది. ఎండిపోయిన రొట్టెను పాలలో నానబెట్టి, గుడ్లు, పొగబెట్టిన పందిమాంసం ముక్కలు కలిపి ఉండలు చేస్తే ‘క్నోడెల్’. అలాంటి రొట్టె ముద్దలోనే జున్ను కలిపి, చదునుగా అదిమి, వేయించి పులుసులో వేస్తే ‘కాస్‌ప్రెస్‌క్నోడెల్’. ‘గ్రావుకేజె’ అనే జున్నులో కొవ్వు చాలా తక్కువ. వెన్న తీసేయగా మిగిలిన పాలతో చేసింది మరి! పులుపు, ఘాటు వాసన కలిసిన దాని మీద ఉల్లిముక్కలు, వెనిగర్, నూనె వేసుకుని తింటారు. పారేయడం తెలియని వంటిళ్ల నుంచి వచ్చిన రుచులివి.

సెప్టెంబరులో కొండ మేతల నుంచి ఆవులు లోయకు దిగుతాయి. వేసవంతా ప్రమాదమేమీ జరగకపోతే వాటి తలలకు పూలకిరీటాలు కడతారు. నవంబరు సగం దాటగానే బంగారు కప్పు ముందు క్రిస్మస్ సంత తెరుచుకుంటుంది. సాయంత్రాలు పైనుంచి బాకాలు మోగుతాయి. డిసెంబరు 5న కొమ్ములు, గొర్రెతోళ్లు, గంటలతో క్రాంపుస్ వేషగాళ్లు పిల్లల్ని హడలగొడితే, మర్నాడు సెయింట్ నికోలస్ మిఠాయిలు పంచుతాడు. ఆ సంతలో దుకాణాల ముందు పెద్ద వరస ఉండేది ‘కియాహ్ల్’ దగ్గర. పులిసిన పిండిని నడుమ పలచగా, అంచు మందంగా సాగదీసి పూరీలా నూనెలో పొంగిస్తారు. గుంటలో పుల్లటి క్యాబేజీ వేయించుకునేవారు కొందరు, ఎర్రటి లింగన్‌బెర్రీ జామ్ అడిగేవారు కొందరు.