నీటి తీరువా: చెల్లించేదెవరు, భరించేదెవరు?

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నాటి నుంచి గోదావరి పశ్చిమ డెల్టాలో భూమి విలువకు కాలువ నీరే ఆధారం. అత్తిలి కాలువ ఆయకట్టూ ఇందుకు భిన్నం కాదు. ఆ నీటిపై తీరువాను 1996లో ఎకరా వరికి సార్వాలో రూ.200, దాళ్వాలో రూ.150, చేపలు, రొయ్యల చెరువులకు ఏడాదికి రూ.500గా పెంచారు.

ఈ పన్నుకు కొలమానం సాగు విస్తీర్ణమే. వాడిన నీటి పరిమాణం కాదు. అందువల్ల నిండుగా నీరందే ఎగువ రైతు, వంతు కోసం ఎదురుచూసే శివారు రైతు ఎకరాకు సమానంగానే చెల్లించాలి.

అంతిమ భారం ఎవరిదన్నది వేరొక ప్రశ్న. కౌలు ఎకరాకు ఇన్ని బస్తాలని ముందే కుదురుతుంది. తీరువాను కౌలుదారు చెల్లించాలన్న ఒప్పందం ఉన్నప్పుడు, రేటు పెరిగినా కౌలు తగ్గకపోతే ఆ పెంపు అతనిపైనే పడుతుంది. ఆ మేరకు కౌలు తగ్గితే భూయజమానిపై పడుతుంది. కౌలు భూమికి పోటీ అధికంగా ఉన్న గ్రామంలో తగ్గింపు కోరే శక్తి కౌలుదారుకు తక్కువ.

కావున సాగు ఖర్చులు లెక్కించే విస్తరణ శాస్త్రవేత్తలు రశీదుపై ఉన్న పేరుతో సరిపెట్టుకోక, కౌలు ఒప్పందాన్నీ విచారించాలి. 1997 చట్టంతో ఏర్పడిన నీటి వినియోగదారుల సంఘాల ద్వారా ఆ సొమ్ము పూడికతీతకు చేరినప్పుడే శివారు రైతుకు పన్ను సార్థకమవుతుంది.